నేను నడిపిన దౌత్యం

నేను ఒకసారి రెండు దేశాల మధ్య దౌత్యం నడిపినాను. నవ్వకండి. ఢిల్లీలో చల్లటి గదుల్లో కూర్చున్నవాళ్ళకు నెలల తరబడి కాని పనిని, తిరుచానూరులో కారు తలుపు పట్టుకుని నిలబడి నాలుగు అరవం మాటలతో చేసేసినాను. సముద్రం అవతలి దేశపు జైల్లో ఉన్న మన జాలర్లు నలుగురూ దాంతో ఇంటికి వచ్చినారు. ఆ దేశపు మంత్రిగారి భార్య నా మాట విని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పూట ఆమె భోజనం కూడా ముట్టలేదట.

ఈ కథను మా వీధి టీకొట్టులో చెప్పినాను. మేనకోడలి కూతురికి చెవులు కుట్టించిన రోజు చెప్పినాను. రిటైరైన రోజు సన్మానసభలో మైకు పట్టుకుని చెప్పినాను. చెప్పిన ప్రతిసారీ కథ రవ్వంత ఒళ్ళు చేసింది. ఆమె భోజనం ముట్టకపోవడం చెవులు కుట్టించిన రోజు వచ్చి చేరింది. సన్మానసభలో అందరూ చప్పట్లు కొట్టినారు. ముందు వరసలో కూర్చున్న మా సెక్షన్ డ్రైవరు మాత్రం వంచిన తల ఎత్తకుండా తన చెప్పులకేసి చూస్తా ఉండిపోయినాడు.

ఈ మధ్య ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "సార్, ఆ కథ రాసిపెట్టండి, మాకు పనికొస్తాది" అన్నారు. సరేనని కాగితం ముందు కూర్చున్నాను. నోటితో చెప్పేటప్పుడు అబద్ధం దానంతట అదే నడిచొస్తుంది. రాసేటప్పుడు దాన్ని ఒక్కో అక్షరంగా మనమే మోసుకురావాల. ఈ వయసులో అంత బరువు నా వల్ల కాలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తా ఉండాను. పిల్లలూ, పనికొస్తే తీసుకోండి.

ముందు మా పని సంగతి. కలెక్టరాఫీసులో ప్రోటోకాల్ సెక్షన్ అంటే, పెద్దవాళ్ళను విమానం దగ్గర ఎక్కించుకుని, కొండమీద దర్శనం చేయించి, మళ్ళీ విమానం దగ్గర దింపేసి, ఈ మధ్యలో వాళ్ళు మన ముఖం గుర్తుపెట్టుకోకుండా చూసుకోవడం. వాళ్ళకు మన ముఖం గుర్తుండిందంటే ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థం. ఏ కారు ముందు పోవాల, ఏ కారు వెనక రావాల, ఎవరు ఏ వైపు కూర్చోవాల, ఉల్లిపాయ తినని వాళ్ళెవరు, మోకాళ్ళ నొప్పి ఎవరికి, అలిపిరి దాటినాక మలుపుల్లో కడుపులో తిప్పేది ఎవరికి. ఇదీ నా విద్య. గవర్నర్లను చూసినాను, జడ్జీలను చూసినాను, కాళ్ళకు చెప్పులు ఎక్కడ విడిచినారో మర్చిపోయిన ముఖ్యమంత్రులను చూసినాను. దేశాలను మాత్రం అంత దగ్గరగా చూడలేదు.

నాది చిత్తూరు. మాకు మామిడితోపులు తెలుసు, బెల్లం గానుగలు తెలుసు, పాల డెయిరీలు తెలుసు. సముద్రం తెలీదు. జిల్లాలను విడగొట్టినప్పుడు నన్ను తిరుపతి వైపు పంపినారు. అదే ఊపులో అంతకుముందు నెల్లూరు కింద ఉండిన సముద్రపు ఒడ్డు ముక్క ఒకటి వచ్చి తిరుపతి జిల్లాలో కలిసింది. ఒక పొద్దున నిద్రలేచి చూస్తే మాకు సముద్రం ఉండాది!

మా డ్రైవరుదీ చిత్తూరే. బంగారుపాళ్యం పక్క పల్లె. "సార్, మన సముద్రం సూసొద్దాం పదండి. మళ్ళా గవర్నమెంటు మారితే ఎత్తుకపోతారు" అన్నాడు. పోయినాం. ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలో నిలబడినాం. వాడు దోసిట్లో నీళ్ళు పట్టి నాలుక తగిలించి, "ఉప్పగానే ఉండాది సార్, అసలైందే ఇచ్చినారు" అన్నాడు. చేపల పులుసు తిని, తడిసిన ప్యాంట్లతో తిరిగొచ్చినాం. సముద్రంతో పాటు దాని కష్టాలు కూడా మాకు రాసిచ్చినారని ఆ రోజు తోచలేదు.

ఆ కష్టం ఒక సోమవారం మా వరండాలోకి నడిచొచ్చింది.

సోమవారం జనం అర్జీలు ఇచ్చుకునే రోజు. అర్జీలు మా సెక్షన్ పని కాదు. కానీ మా అమ్మది గుడియాత్తం కాబట్టి నాకు అరవం బాగా వచ్చు. అరవం కలిపి మాట్లాడేవాళ్ళు వస్తే నన్ను పిలిచేవాళ్ళు. ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. తడ దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. భర్తకు సొంత పడవ లేదు. తమిళనాడు రేవులో ఎవరిదో పడవ మీద కూలికి పోతాడు. మరి ముగ్గురితో కలిసి వేటకు పోయినప్పుడు నడి సముద్రంలో ఇంజను ఆగిపోయింది. పడవ గాలికి కొట్టుకుపోయి, రెండు దేశాల మధ్య ఉండే గీత దాటింది. అవతలి దేశం నేవీవాళ్ళు నలుగురినీ పట్టుకుపోయి జైల్లో పెట్టినారు.

"ఆ గీత నీళ్ళ మీద ఎవురు గీసినారన్నా?" అని అడిగింది.

"ఉంటాదిలేమ్మా. మనకు కనపడదు" అన్నాను.

"మా ఇంటాయనకూ కనపళ్ళా. పడవ ఓనరు దగ్గరికి పోతే, మీది ఆంధ్రా, మీ గవర్నమెంటును అడుక్కోమన్నాడు. నెల్లూరికి పోతే, మీరిప్పుడు తిరపతిలో కలిసిపోయినారు, ఆడ అడుక్కోమన్నారు. ఈడికొస్తే..."

"ఈడికొస్తే?"

"ఈడికొస్తే నిన్ను పిలిచినారు."

అంటూ సంచిలోంచి చిన్న గుడ్డమూట తీసి విప్పింది. ఉబ్బసం ఉన్నవాళ్ళు నోట్లో పెట్టుకుని, నొక్కి పీల్చుకునే మందు. నీలం రంగుది.

"ఆయప్పకు ఉబ్బసం. ఇది లేకుంటే పడుకోలేడు. గోడకానుకుని కూసోనే నిద్రపోతాడు. ఇడిపించేది మీ చేతిలో లేదంటా ఉండారు, సరే. దీన్నన్నా చేర్చండన్నా. తప్పు చేసినోడు కూడా గాలి పీల్చుకోవాల గదా."

"చేరుస్తాంలేమ్మా" అన్నాను. మా ఉద్యోగంలో ఆ మాటకు బరువు లేదు. మేము పై ఆఫీసుకు రాసినాం. వాళ్ళు వాళ్ళ పై ఆఫీసుకు రాసినారు. అక్కడి నుంచి ఢిల్లీకి పోయింది. ఢిల్లీ నుంచి ఆ దేశంలో ఉండే మన రాయబార కార్యాలయానికి పోయి ఉండాల. ఆమె మాత్రం ప్రతి సోమవారం వచ్చి వరండాలో కూర్చునేది. మందు తీసి చూపించేది. వాడకముందే దాని గడువు అయిపోయిందని ఒకసారి ఇంకొకటి కొనుక్కొచ్చింది. నేను కనిపిస్తే లేచి నిలబడేది. నేను కనపడకుండా పోవడానికి రికార్డు రూము వెనక దోవ ఒకటి ఉండాదని ఆ నెలల్లోనే కనిపెట్టినాను.

ఇట్లా ఉండగా కబురొచ్చింది. ఆ దేశపు మంత్రి, భార్యతో కలిసి తిరుమల దర్శనానికి వస్తున్నాడు. ఆ దేశమే! ఇక్కడి నుంచి ఢిల్లీకి పోయి మన మంత్రితో చర్చలు.

ఏర్పాట్లు చూడడానికి ఢిల్లీ విదేశాంగ శాఖ నుంచి ఒక కుర్ర ఆఫీసరు ముందుగా వచ్చినాడు. విశాఖపట్నం అబ్బాయి. నాకంటే పాతికేళ్ళు చిన్న. మాట మెత్తన. గెస్ట్‌హౌసులో అన్నీ అడిగి తెలుసుకుని చివరకు, "ఒక్క విషయం సార్. అతిథికి దారిలో ఎవరూ కాయితం ఇవ్వకూడదండి" అన్నాడు.

"ఇచ్చినా మన సెక్యూరిటీవాళ్ళు పక్కన పడేస్తారు కదా సార్" అన్నాను.

"అది కాదండి. ఆయన పుచ్చుకుంటే దానికో అర్థం వస్తుంది. పుచ్చుకోకపోతే ఇంకో అర్థం వస్తుంది. రెండూ మనకి వద్దు. కాయితమే కనపడకూడదు."

అప్పుడు జాలర్ల సంగతి ఎత్తినాను. అతను టీ కప్పు కింద పెట్టి తలుపు వైపు చూసినాడు. "మాకు తెలుసండి" అన్నాడు. గొంతు తగ్గించి, "ఆయన ఇక్కడున్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే మంచిది సార్. అంతకంటే నేను చెప్పకూడదు" అన్నాడు.

తెలివైనవాడికి ఆ మాట చాలు. అడక్కుండా ఉంటే ఏదో రాబోతోందని అర్థం. నాకు అందలేదు. ఎందుకంటే నేను పెరిగిన ఆఫీసులో అడక్కుండా ఏదీ రాదు. పింఛను కావాలంటే అడగాల. పట్టా కావాలంటే అడగాల. ఊరికే అడిగితే చాలదు, నలుగురి ముందర అడగాల, ఫోటోలు తీసేవాళ్ళ ముందర అడగాల. కారుకు అడ్డంపడి ఏడ్చిన ముసలామెకు సాయంకాలానికల్లా పింఛను మంజూరైన రోజులు ఈ కళ్ళతో చూసినాను. దేశాలు కూడా మా కలెక్టరాఫీసు లాంటివే, కుర్చీలు రవ్వంత ఎత్తు, అంతే అనుకున్నాను.

నా బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. తిరుచానూరు తామరల అమ్మవారి ఊరు కదా, అక్కడికి వచ్చే ఆడ అతిథులకు తామరపూలతో స్వాగతం చెప్పించడం మా సెక్షన్ అలవాటు. గుడి లోపలి మర్యాదలు గుడివాళ్ళు చూసుకుంటారు. బయట కారు దిగే చోటు మాది. మహిళా సంఘం ఆడవాళ్ళు వరసగా నిలబడతారు, అతిథి ఒక్కొక్కరి దగ్గర పూలు తీసుకుంటూ పోతుంది. ఆ వరసలో ఒకామెకు జ్వరం వచ్చిందని తెలిసింది. డ్రైవరుకు కూడా చెప్పకుండా జాలరి భార్యను పిలిపించినాను.

"కాయితం తేవద్దు. కాళ్ళ మీద పడొద్దు. దండ ఇచ్చేటప్పుడు దాని కింద మందు పెట్టి ఆమె చేతిలో ఉంచు. ఆడమనిషి బాధ ఆడమనిషికి అర్థమవుతుంది" అని చెప్పినాను. కాయితం వద్దన్నారు గానీ మందు వద్దని ఎవరూ అనలేదు కదా! నా తెలివికి నేనే మురిసిపోయినాను. కాయితానికైతే రెండు అర్థాలు వస్తాయి, మందుకు ఏ అర్థం వస్తుంది?

ఆ రోజు కొండమీద దర్శనం చక్కగా జరిగింది. తిరుచానూరులో కార్లు ఆగినాయి. మంత్రి భార్య సన్నటి మనిషి, తెల్లచీర. అరవం ఆమె ఇంటిభాష. ఒక్కొక్కరి దగ్గర రెండు చేతులతో పూలు అందుకుని, ప్రతి ఒక్కరికీ విడివిడిగా నవ్వుతూ వస్తోంది. మామూలుగా పెద్దవాళ్ళు వరసంతటికీ కలిపి ఒక నవ్వు నవ్వుతారు. ఈమె అట్లా కాదు. నాకు ధైర్యం వచ్చింది.

జాలరి భార్య దగ్గరికి వచ్చింది. దండ అందుకుంది. దండ కింద ఏదో తగిలి చేతిలోకి చూసుకుంది. నీలం మందు. జాలరి భార్య ఆమె వేళ్ళను మందు చుట్టూ మూసి, తన రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుంది.

"మూచ్చమ్మా... మూచ్చు" అంది. అరవంలో ఊపిరి అని.

వదలలేదు. అదే జరిగింది. చేతిలో పెట్టి వదిలేసి ఉంటే ఏమో. వదలకుండా పట్టుకుంది. సెక్యూరిటీవాళ్ళకు కనిపించింది ఏమంటే, ముక్కూముఖం తెలియని ఒక మనిషి విదేశీ అతిథి చేతిలో గొట్టం లాంటిదేదో పెట్టి చెయ్యి బిగబట్టింది. ఒకతను ఆమె చెయ్యి వెనక్కు విరిచినాడు. ఇంకొకతను అతిథిని పక్కకు లాగినాడు. దండ తెగిపోయింది. తామరలు బూట్ల కింద నలిగినాయి. మందు దొర్లుకుంటా కారు కిందికి పోయింది. ఇంతమంది ఫోటోలవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చినారో, అన్ని కెమెరాలూ ఒక్కసారే పలికినాయి.

నేను మంత్రి ముఖం చూసినాను. అది మారలేదు. చిన్నవాళ్ళ ముఖం మారితే భయపడాల, పెద్దవాళ్ళ ముఖం మారకపోతే భయపడాల. అది ఆ రోజు నేర్చుకున్నాను.

ఇప్పుడు నా ఘనత. కారు తలుపు నేనే పట్టుకుని ఉన్నాను. మంత్రి భార్య వచ్చి కూర్చుంది. తలెత్తి నన్ను చూసి అరవంలో అడిగింది. "అదేమిటి, మందా? ఎవరికి?"

టీకొట్టులో ఇక్కడే నేను పెద్ద ఉపన్యాసం ఇస్తాను. ఆమె భర్త, మీ జైలు, ఉబ్బసం, గోడకానుకుని నిద్ర, అన్నీ చెప్పినానని, ఆమె కళ్ళు తుడుచుకుందని. అన్నీ చెప్పడానికి నోట్లో మాటలు నిజంగానే ఉండినాయి. ఆమె కూడా వినడానికి కూర్చుంది. వెనక కారు పక్కన ఢిల్లీ నుంచి వచ్చిన అబ్బాయి నన్నే చూస్తున్నాడు. మా పై ఆఫీసరమ్మ నన్నే చూస్తోంది.

"ఏమీ లేదమ్మా. మతి సరిగ్గా లేని మనిషి. మీరు కూర్చోండి" అని అరవంలో చెప్పి తలుపు వేసేసినాను.

నేను నడిపిన దౌత్యం అంతా అదే. ఒక తలుపు వేయడం.

ఆమెను సాయంత్రం దాకా పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టినారు. మందును పరీక్షకు తీసుకుపోయినారు. నేను స్టేషన్‌కు పోలేదు, నాకు విమానాశ్రయం డ్యూటీ ఉండింది. డ్రైవరు పోయి టీ, రెండు ఇడ్లీలు ఇచ్చొచ్చినాడట. ఆమె టీ తాగి, "మందు వాళ్ళతో పోయిందా?" అని అడిగిందట. వాడు పోయిందనే చెప్పినాడట.

రేణిగుంటలో అతిథుల విమానం లేచిపోయినాక ఢిల్లీ అబ్బాయి నా పక్కకొచ్చి నిలబడినాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"రేపు ఢిల్లీలో చర్చలయ్యాక ఇద్దరు మంత్రులూ పత్రికలవాళ్ళ ముందుకొస్తారండి. అక్కడ ఆయన ఈ నలుగురి విడుదల ప్రకటించాలి సార్. ఆయనంతట ఆయనే, స్నేహం కొద్దీ ఇచ్చినట్టు. నెలల తరబడి నానా తంటాలూ పడి ఒప్పించుకున్నామండి."

"ఇప్పుడు?"

"ఈపాటికి ఆ ఫోటో వాళ్ళ దేశంలో అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. ఇప్పుడు వదిలితే, భార్య చెయ్యి పట్టుకుని అడిగారు కాబట్టి జడిసి వదిలేశాడంటారు అక్కడ. ఆయనకీ అక్కడ ఓట్లు కావాలి కదండీ. తర్వాత చూద్దామని కబురు చేశారు."

"తర్వాతంటే ఎప్పుడు సార్?"

"మా శాఖలో తర్వాత అంటే ఎప్పుడు అనేది ఉండదండి."

"మా శాఖలోనూ అంతే నాయనా" అన్నాను.

పిల్లలూ, దేశాలు వియ్యాలవారి లాంటివి. ఇవ్వాలని ఇంటి దగ్గరే మూటగట్టి పెట్టుకున్నదాన్ని కూడా, పందిట్లో నలుగురి ముందర అడిగినారంటే ఇక ఇవ్వరు. ఇస్తే అడిగినందుకు ఇచ్చినట్టవుతుంది. ముందు తెరవెనక మాట అయిపోవాల, తర్వాత ముందరికొచ్చి వాళ్ళంతట వాళ్ళే ఇచ్చినట్టు ఇవ్వాల, మనం ఆశ్చర్యపోయినట్టు తీసుకోవాల. దీనికోసమే అంత పెద్ద కార్యాలయాలు, అన్ని విందులు, అన్ని పూలదండలు. నేను దీన్ని ఎగతాళి చేయడం లేదు. ఆ పద్ధతిలోనే ఎంతమందో ఇళ్ళకు చేరుకున్నారు. కాకపోతే దేశానికి ముఖం ఉంటుంది, ఊపిరితిత్తులు ఉండవు. అందుకని ఎంతసేపు ఆగవచ్చో దానికి తెలీదు.

నాకు మెమో వచ్చింది. జవాబు రాసుకున్నాను. జాలరి భార్య సోమవారాలు మళ్ళీ రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు మందు తీసి చూపించడం లేదు, పంపించేశాననుకుంటోంది కదా. "చేరి ఉంటాదా అన్నా?" అని మాత్రం అడిగేది. "చేరుంటాది" అనేవాణ్ణి. ఆ మందు పరీక్షలు అయిపోయి, ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి మా ఆఫీసుకే తిరిగొచ్చి నా టేబులు సొరుగులో ఉండేది.

వానలు పడే రోజుల్లో ఢిల్లీ అబ్బాయి ఫోన్ చేసినాడు. "సార్... వాళ్ళలో ఒకాయన జైలు ఆసుపత్రిలో పోయారండి."

ఏ ఒకాయన అని నేను అడగలేదు.

ఆ కబురు ఫోన్‌లో చెప్పలేక డ్రైవరూ నేనూ జీపులో పోయినాం. దోవ పొడుగునా వాడు ఒక్క జోకు వేయలేదు. మేము పోయేసరికి ఆమె ఇంటి ముందర ఎండుచేపలను వాన తగలకుండా గోనెపట్టల కిందికి జరుపుతా ఉంది. జీపును చూసింది. నన్ను చూసింది. చేతిలో చేపలు అట్లే పట్టుకుని నిలబడింది.

"ఈ పొద్దు సోమారం కాదు గదన్నా" అంది.

ఇంకేమీ చెప్పే పని లేకపోయింది మాకు.

చెన్నై విమానాశ్రయానికి నేనూ పోయినాను. ఎన్నిసార్లు నిలబడినాను విమానాల ముందు! పూలగుత్తి ఎవరు పట్టుకోవాల, ముందుగా ఎవరు నమస్కారం పెట్టాల, అన్నీ తెలిసిన మనిషిని. ఆ రోజు నిలబడింది వెనకవైపు, సరుకులు దింపే గేటు దగ్గర. పెట్టె మీద ఆ దేశం ముద్ర ఒకటి, మన దేశం ముద్ర ఒకటి, పక్కపక్కనే. రెండూ అంత సఖ్యంగా ఉండగా నేను చూసింది అక్కడే. ఆమె పెట్టె తెరవమంది. సీలు ఉంది, ఇక్కడ తెరవకూడదన్నారు. అయితే పెట్టె మీద చెవి ఆనించి కాసేపు అట్లే ఉండిపోయింది. ఎవరు ఏ వైపు నిలబడాలో నాకు తెలీలేదు.

మిగిలిన ముగ్గురూ మరికొన్నాళ్ళకు వచ్చేసినారు. ప్రకటన లేదు, ఫోటో లేదు, మంత్రుల్లేరు. ఒక పేపరు మాత్రం లోపలి పేజీలో రెండు ముక్కలు రాసింది. నలుగురూ ఇంటికి వచ్చినారని మొదట్లో రాసినాను చూడండి, అది అబద్ధం కాదు. ముగ్గురు నడిచి వచ్చినారు.

కాబట్టి పిల్లలూ, నా కథలో నేను గొప్పవాణ్ణి కాదు. పాపిని. వద్దన్న చోట తెలివి చూపించి, ఆమెను వరసలో నిలబెట్టి, మందు చేతికిచ్చి, వస్తున్న విడుదలను ఆపి, ఒక మనిషి ప్రాణం తీసినాను. టీకొట్టులో అంత పెద్ద కోట కట్టింది ఈ గుంతను కప్పిపెట్టడానికే.

ఇక్కడి దాకా రాసి, పిల్లలకు ఇచ్చే ముందు ఆమెకు చదివి వినిపించడం న్యాయం అనిపించింది. ఆమె ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనిచేస్తోంది. రోజూ కంపెనీ బస్సులో పోయొస్తుంది. సెలవురోజు చూసుకుని పోయినాను. గడప దగ్గర కూర్చుని రొయ్యలు ఒలుస్తా విన్నది. దౌత్యం దగ్గర నవ్వలేదు. నా సొరుగులో మందు దగ్గర ఒలిచిన రొయ్యనే మళ్ళీ ఒలిచింది. పెట్టె దగ్గర చేతులు ఆపింది. పాపిని అని చదివి నేను ఆగినప్పుడు మాత్రం తలెత్తింది. తర్వాత ఆమె అన్నది కూడా ఇక్కడే రాయమంది. పైన రాసింది కొట్టెయ్యొద్దంది. రాస్తున్నాను.

"అది మళ్ళా సదువన్నా. నన్ను వరసలో ఎవురు నిలబెట్టినారు?"

"నేనే కదమ్మా. జ్వరమొచ్చిన ఆమె బదులు..."

"నువ్వు ఆ వారమంతా నాకు కనపడితే గదా? ఆఫీసుకొస్తే, పెద్దోళ్ళు వస్తా ఉండారు, పని ఉండాది, వాళ్ళు పోయినాక రామ్మా అని దాటుకోని ఎల్లిపోయినావు. ఎవురు ఆ పెద్దోళ్ళని మీ డ్రైవరన్నను అడిగినాను. ఆయప్ప చెప్పినాడు, ఆ దేశమోళ్ళేనని. తిరుచానూర్లో పూలమ్మే ఆమెను బతిమాలుకుంటే, పాపం, నన్ను తీసకపోయి వరసలో దూర్చింది."

నేను కాగితాలు మడిచినాను. "మరి మందు..."

"నా మొగుడి మందు ఎవురి చేతిలో పెట్టాలనో నువ్వొచ్చి నేర్పాల్నా నాకు?" రొయ్య తల తుంచి గిన్నెలో వేసింది. "నేను పట్టుకున్నా ఆమె చెయ్యి. నేనే వదల్లా. దానికి ఆ దేశమోడికి రోషమొచ్చింది, మా ఆయన సచ్చిపోయినాడు. దాన్ని రేయీపగలూ మోస్తా ఉండేది నేను. నువ్వు మద్దెలో వచ్చి నేనే సంపినా నేనే సంపినా అంటే ఎట్లన్నా? అంత పెద్దోడివి కాదులే నువ్వు."

రాసేటప్పుడు అదంతా నిజమనే నమ్మినాను. కడాన, "అయితే ఆ పొద్దు నేను నీకు ఏమీ చెప్పలేదా అమ్మా?" అని అడిగినాను.

"చెప్పినావు. వరసలో నన్ను సూసినావు. గురుతు పట్టినావు కూడా, నీ కండ్లలో కనపడింది. దగ్గిరికొచ్చి, ఆ దండ నీళ్ళు కారతా ఉండాది, దులుపు, అమ్మగారి చీర తడుస్తాది అన్నావు. దులిపినా. నువ్వు చేసింది అదన్నా. అది రాయి."